దసరా నుంచి దీపావళి దాకా: గుమ్మానికి, కొలువుకి, దీపాలకి ఏది ఎప్పుడు కట్టాలి

2025లో దసరా అక్టోబరు 2న, దీపావళి 20న వచ్చాయి. మధ్యలో పద్దెనిమిది రోజులు. దసరాకు ముందు నవరాత్రులు, తెలంగాణలో అయితే బతుకమ్మ రోజులు కూడా కలుపుకుంటే, శరదృతువులో ఇల్లు దాదాపు నెల రోజులు పండగ ముస్తాబులో ఉండాలి. బంతిపూల దండ బాగుండేది రెండు మూడు రోజులే. అన్నీ ఒకేసారి కొని ఒకేరోజు కట్టేస్తే దీపావళికి ఇంటి ముందు మిగిలేది ఎండిన చెత్త. అందుకే ఇక్కడ పనులను అవి నిలిచే రోజులను బట్టి వరస పెట్టాం. ఎక్కువకాలం ఉండేవి ముందు, పూలు అన్నిటికన్నా చివర.

ఊరిని బట్టి కూడా తేడా ఉంటుంది. నెల్లూరు, ప్రకాశం వైపు ఈశాన్య రుతుపవనాల వానలు సరిగ్గా ఈ రోజుల్లోనే మొదలవుతాయి, గాలిలో తేమ తగ్గదు. అక్కడ పూలు ముందు కుళ్ళుతాయి. కరీంనగర్, ఆదిలాబాద్ వైపు నైరుతి వెనక్కి వెళ్ళాక గాలి పొడిబారుతుంది. అక్కడ పూలు ముందు ఎండుతాయి. కుళ్ళేచోట నీళ్ళు చల్లితే పని చెడుతుంది, ఎండేచోట చల్లకపోతే చెడుతుంది. ఈ ఒక్కటీ గుర్తుంటే కింద చెప్పే వాటిలో సగం మీకే తోస్తాయి.

రెల్లు, గునుగు: రెండు వారాల ముందు

శరత్కాలానికి సొంతమైన అలంకరణ బజారులో దొరకదు, కాలవ గట్టున ఉంటుంది. సెప్టెంబరు, అక్టోబరుల్లో ఏటి ఒడ్డున తెల్లగా ఊగే రెల్లు కంకుల్ని ఇత్తడి బిందెలోనో, పాత పాలక్యానులోనో నిలబెడితే హాలులో ఒక మూల మొత్తం నిండుతుంది, ఖర్చు లేదు. కానీ కోసే సమయం తప్పితే ఇల్లంతా దూది. పూర్తిగా విచ్చుకున్న కంకి తాకితే రాలుతుంది. పొర నుంచి సగం బయటికి వచ్చి, ఇంకా పట్టులాగా మెరుస్తూ అణిగి ఉన్న కంకుల్నే కోయాలి. లోపలికి తెచ్చాక అవే విచ్చుకుంటాయి.

రెల్లు ఆకు అంచు చర్మాన్ని కోస్తుంది కనుక నిండు చేతుల చొక్కా, చేతులకు మందం తొడుగులు ఉండాలి. కాడ మూడు అడుగులకు తగ్గకుండా కోసి, ఆకులు దూసేసి, పదేసి కట్టలుగా కట్టి నీడలో తలకిందులుగా వారం పది రోజులు వేలాడదీయండి. నిలబెట్టి ఆరబెడితే కంకి బరువుకు మెడ వంగి అలాగే బిగుసుకుపోతుంది. ఆరాక జుట్టుకు కొట్టే స్ప్రే ఒక అడుగు దూరం నుంచి పల్చగా కొడితే రాలడం బాగా తగ్గుతుంది. బిందెలో నీళ్ళు పోయకూడదు. బిందె తేలికదైతే అడుగున రెండు గుప్పెళ్ళ ఇసుక వేయండి, లేకపోతే ఫ్యాను గాలికి పడుతుంది.

బతుకమ్మకు తెచ్చే పూలలో గునుగు ఎండినా ఆకారం చెడదు. తంగేడు సాయంత్రానికే వాలిపోతుంది, గుమ్మడిపువ్వు అంతకన్నా ముందే. బతుకమ్మకు తెచ్చిన గునుగులో పాతిక కాడలు పక్కకు తీసి పైన చెప్పినట్టే ఆరబెట్టుకుంటే దీపావళి దాటాక కూడా ఉంటాయి. రంగు వేయాలంటే పచ్చిగా ఉన్నప్పుడే రంగు నీళ్ళలో ముంచి ఆరబెట్టాలి. ఎండిన తరవాత ముంచితే మచ్చలు మచ్చలుగా పడుతుంది.

కొలువు

బొమ్మల కొలువు కొన్ని ఇళ్ళలో దసరాకు, కొన్ని ఇళ్ళలో సంక్రాంతికి పెడతారు. దసరాకు పెట్టేవాళ్ళు మెట్ల లెక్క ముందే వేసుకోవాలి. మెట్లు బేసి సంఖ్యలో ఉండాలంటారు: మూడు, అయిదు, ఏడు, తొమ్మిది. ఒక్కో మెట్టుకు తొమ్మిది అంగుళాల లోతు అనుకుంటే అయిదు మెట్లకు గోడ నుంచి దాదాపు నాలుగు అడుగుల నేల పోతుంది. ముందు కూర్చుని పాడుకోవడానికి మరో నాలుగు అడుగులు. అపార్ట్‌మెంట్ హాలులో ఇది చాలాసార్లు కుదరదు. పది అంగుళాల లోతు, ఎనిమిది అంగుళాల ఎత్తుతో మూడు మెట్లు పెట్టుకుంటే రెండున్నర అడుగుల్లో సరిపోతుంది, పెద్ద బొమ్మలు కూడా సుఖంగా నిలబడతాయి. మా మాట అడిగితే ఇరుకుగా నింపిన అయిదు మెట్లకన్నా ఊపిరాడే మూడు మెట్లే చూడ్డానికి బాగుంటాయి.

మెట్లకు ఇనుప పెట్టెలు, బల్లలు, పుస్తకాల కట్టలు ఏవైనా వాడొచ్చు. అట్టపెట్టెలు మాత్రం పైమెట్టుకు వద్దు. తేమకు మెత్తబడి నాలుగోరోజు మధ్యలో కుంగుతాయి, కలశం ఉండేది అక్కడే. పైన చెప్పిన మూడు మెట్లకు వెనక దింపుతో సహా రెండు మీటర్ల తెల్ల నూలు బట్ట పడుతుంది. ప్రతి మెట్టు మూలలో రెండు అంగుళాల బట్ట లోపలికి దోపి, పైనుంచి కిందికి పరుచుకుంటూ రండి. కింద నుంచి మొదలుపెడితే ముడతలన్నీ పైన చేరతాయి. పట్టుచీర పరవాలని ఉంటే దాని కింద నూలు బట్ట తప్పనిసరి. నున్నటి చెక్క మీద పట్టు జారుతుంది, బొమ్మలతో సహా.

బొమ్మలు దించి తుడిచేటప్పుడే ఎక్కువ నష్టం జరుగుతుంది. కొండపల్లి బొమ్మలు తేలికైన తెల్లపొణికి కర్రవి. చేతులూ తలా విడివిడిగా చెక్కి, చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. తడిగుడ్డ పెడితే మక్కు నానుతుంది, అతుకు వదులుతుంది. పొడిగా ఉన్న మెత్తటి పెయింటు బ్రష్షుతో దులపడమే దారి. ఏటికొప్పాక బొమ్మలది మరో సంగతి. అంకుడు కర్రను తరిణె పట్టి, లక్కరంగు ఎక్కించినవి అవి. లక్క స్పిరిట్‌లో కరుగుతుంది. శానిటైజరు రాసుకున్న చేతులతో పట్టుకున్నా మెరుపు పోయి వేలిముద్ర పడుతుంది. వేడికి కూడా మెత్తబడుతుంది కనుక దీపం ఉండే మెట్టు మీద పెట్టకండి. కాల్చని మట్టిబొమ్మలకు నీళ్ళే శత్రువు. రంగు పెచ్చులు లేస్తుంటే దులపడం కూడా మానేసి గాలి ఊది వదిలేయండి.

అమర్చడంలో పెద్ద రహస్యాలేమీ లేవు: పొడుగువి వెనక, పొట్టివి ముందు, దేవుళ్ళు పైన, పెళ్ళివాళ్ళు, అంగడి, ఎడ్లబండి, తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుడు కింద. దీపాలకు మెట్ల అంచు లోపలివైపు పసుపు వెలుగు ఎల్‌ఈడీ పట్టీ అంటించండి. పైనుంచి ఒకటే పెద్ద లైటు వేస్తే ప్రతి మెట్టు నీడ కింది మెట్టు బొమ్మల మీద పడుతుంది.

ముందు వేసే పచ్చిక పిల్లల పని. పళ్ళెంలో అంగుళం మందాన కొబ్బరిపొట్టు, దాని మీద రాత్రంతా నానిన గోధుమలు. కొలువు పెట్టే రోజుకు పచ్చగా కనపడాలంటే వారం ముందు చల్లాలి. ఆవాలు, రాగులు నాలుగు రోజుల ముందు చల్లితే చాలు, నానబెట్టనక్కర్లేదు. మొలక వచ్చేదాకా తడిగుడ్డ కప్పి, వచ్చాక తీసేసి వెలుతురులో పెట్టండి. నీళ్ళు పోయొద్దు, చిలకరించండి. అడుగున నీరు నిలిచిందంటే మూడోరోజుకు తెల్లబూజు, వాసన.

గడప, ముగ్గు

గడపకు పసుపు రాసే ముందురోజు సర్ఫునీళ్ళతో కడగడం మామూలే. కడిగాక రెండుసార్లు మంచినీళ్ళతో తొలచకపోతే పసుపు అక్కడక్కడా ఎర్రగా మారుతుంది. పసుపులో సున్నం కలిపితే పారాణి అయ్యేది ఎందుకో ఇదీ అందుకే. సర్ఫులోనూ క్షారం ఉంటుంది. కొత్తగా సున్నం వేసిన గోడ పక్కన కూడా ఇలాగే జరుగుతుంది.

పాలిష్ పట్టిన టేకు గడప మీదా గ్రానైటు మీదా నీళ్ళతో కలిపిన పసుపు నిలవదు, ఆరగానే పొడిగా రాలుతుంది. మూడు చెంచాల పసుపుకు ఒక చెంచా బియ్యప్పిండి వేసి, గరిటెజారుగా కలిపి పల్చగా రెండు పూతలు వేయండి. మొదటిది ఆరాకే రెండోది. తెల్ల పాలరాయి మీద మాత్రం పసుపు మరక పట్టేస్తుంది. ఎండ తగిలే చోటైతే కొన్నాళ్ళకు దానంతటదే వెలుస్తుంది, నీడలో అయితే చాలాకాలం ఉంటుంది. పాలరాయి గడప ఉన్నవాళ్ళు గడప కొలతకు కోసిన సన్నటి చెక్కపట్టీకి పసుపురాసి దాని మీద అమర్చుకోవడం మేలు.

టైల్సు మీద పొడి ముగ్గుపిండి రెండు గంటల్లో కాళ్ళకు అంటుకుని హాలులోకి వస్తుంది. అక్కడ తడిముగ్గు వేయాలి. గుప్పెడు బియ్యం మూడు గంటలు నానబెట్టి, మెత్తగా రుబ్బి, పాలకన్నా కాస్త చిక్కగా కలుపుకోండి. చిన్న గుడ్డపీలికను అందులో ముంచి, మూడువేళ్ళ మధ్య పట్టుకుని, ఉంగరపు వేలి కొసనుంచి జారనివ్వాలి. వేసేటప్పుడు నీళ్ళలా కనిపిస్తుంది, కంగారుపడి మళ్ళీ దిద్దకండి. పావుగంటలో ఆరి తెల్లబడుతుంది. గీత పగిలి లేచిపోతోందంటే పిండి చిక్కన ఎక్కువైంది, లేదా నేలమీద నూనె జిడ్డు ఉంది. అంచుకు జాజు (ఎర్రమన్ను) పూస్తే తెలుపు ఎత్తి కనిపిస్తుంది. జాజు ముందు, ముగ్గు తరవాత.

మామిడాకుల తోరణం

మూడున్నర అడుగుల గుమ్మానికి ఇరవై ఒక్క ఆకులు సరిపోతాయి, రెండు అంగుళాలకు ఒకటి చొప్పున. చిరిగినవి, మచ్చలున్నవి పోతాయి కనుక ముప్పై కోయండి. లేతవి గంటలో వాలిపోతాయి. బాగా ముదిరినవి మడిస్తే విరుగుతాయి. ముదురాకుపచ్చకు తిరిగి, మడిచినా చిట్లనివి కావాలి. కాడ అంగుళమైనా ఉండేలా కోసి, గంటసేపు నీళ్ళలో ముంచి, తుడిచి, తడి పూర్తిగా ఆరనివ్వండి. తడితోనే కడితే తేమ ప్రాంతాల్లో మడత దగ్గర నల్లబడతాయి.

తాడుకు పురికొస కానీ అరటినార కానీ మంచిది. గుమ్మం వెడల్పుకు రెండువైపులా అడుగు చొప్పున అదనంగా ఉంచుకోండి. ఆకు పైభాగాన్ని తాడు మీదుగా వెనక్కి మడిచి, కాడను ఆకు ఈనె పక్కనుంచి గుచ్చి ముందుకు లాగాలి. ఈనెలోంచే గుచ్చితే ఆకు నిలువునా చీలుతుంది. దారంతో కట్టడం, స్టేప్లరు కొట్టడం రెండూ పని చేస్తాయి కానీ ఎండాక స్టేప్లరు పిన్ను దగ్గర ఆకు ఊడి పడుతుంది, కాడ గుచ్చింది పడదు.

బంతిపూలు

పూల లెక్కలోనే అందరూ పొరబడతారు. కిలోకు ఎన్ని అడుగుల దండ వస్తుందన్నది పువ్వు పరిమాణాన్ని బట్టి చాలా మారుతుంది. ముందు పావుకిలో కొని గుచ్చి, కొలిచి, నాలుగుతో హెచ్చవేసుకోండి. కట్టిన దండ కొంటే మూర కొలత అమ్మేవాళ్ళ చేతిది, మీ చేతిది కాదు. అందుకే అడుగుల లెక్కన బేరమాడటం మేలు. గుడిమల్కాపూర్ లాంటి హోల్‌సేల్ మార్కెట్లోనో, కడియపులంకలోనో పండగ ముందురోజు తెల్లవారకముందు కొంటే ధరా తగ్గుతుంది, పువ్వూ చల్లగా ఉంటుంది. మధ్యాహ్నం గోనెసంచి అడుగునుంచి తీసిన పువ్వు చేతికి వెచ్చగా తగిలితే తీసుకోకండి, లోపల కుళ్ళు మొదలైంది.

కొన్నాక ప్లాస్టిక్ కవరులో ఉంచడం పెద్ద తప్పు. బంతిపువ్వు రేకుల మధ్య నీరు పట్టి వదలదు, కవరులో వేడెక్కి రాత్రికి రాత్రే మధ్యలో గోధుమరంగు తిరుగుతుంది. వెడల్పాటి బుట్టలో లేదా చాటలో ఒకటే వరసగా పరిచి, పైన పల్చటి తడిగుడ్డ కప్పి చల్లటి మూలన పెట్టండి. వానలో తడిసిన పూలైతే ఫ్యాను కింద ఆరబెట్టాకే గుచ్చాలి.

గుచ్చడానికి దబ్బనం, నాలుగు పేటల నూలుదారం. నైలాన్ దారం సన్నగా గట్టిగా ఉండి, పూల బరువుకు తొడిమలను కోసుకుంటూ దిగుతుంది, కింది పూలు ఒకదానిలోకొకటి కూరుకుపోతాయి. దారం కొసన ముడి ఒక్కటే వేస్తే పువ్వు జారుతుంది. ఒక పుల్లముక్కను అడ్డంగా కట్టండి. సూది పువ్వు ముఖం మధ్యలో దిగి, తొడిమ మధ్యలోంచి బయటికి రావాలి. పక్కకు దిగితే దండ మెలిక తిరుగుతుంది. నిలువు దండలకు పూలన్నిటి ముఖాలూ ఒకేవైపు ఉంచండి. అడ్డంగా వేలాడే దండకు ఎదురెదురుగా, ముఖానికి ముఖం తొడిమకు తొడిమ వచ్చేలా గుచ్చితే గుండ్రంగా, నిండుగా కనిపిస్తుంది. పది పూలకొక మామిడాకు ముక్క మడిచి గుచ్చితే పూల ఖర్చు తగ్గుతుంది, గాలి కూడా ఆడుతుంది.

దండ ఎంత పొడవు ఉండాలన్నది ఊహకు అందదు. మూడున్నర అడుగుల గుమ్మానికి మధ్యలో ఆరు అంగుళాలు దిగాలంటే అదనంగా రెండు అంగుళాల పైచిలుకు చాలు. పన్నెండు అంగుళాలు దిగాలంటే ఎనిమిది అంగుళాలు అదనం. చాలామంది అడుగు ఎక్కువ గుచ్చి, వచ్చినవాళ్ళ తలకు తగిలే దండ కట్టుకుంటారు.

మేకులు కొట్టనివ్వని అద్దె ఇంట్లో అంటించే కొక్కేలు వాడేవాళ్ళు డిస్టెంపరు గోడ మీద అంటించొద్దు, బరువుకు రంగుపొరతో సహా ఊడుతుంది. తలుపు చట్రం మీదో టైలు మీదో, తుడిచి ఆరాక అంటించి, ఒక రోజు ఖాళీగా వదిలి అప్పుడు దండ వేయండి. కొక్కెం మీద కిలో అని రాసి ఉంటే అరకిలోకే నమ్మండి, తడిసిన దండ బరువెక్కుతుంది. కర్టెన్లకు వాడే స్ప్రింగు కడ్డీని చట్రం మధ్య బిగించి దాని మీద కట్టడం వీటన్నిటికన్నా నిశ్చింత.

తెలంగాణ పొడిగాలిలో పొద్దునా సాయంత్రం దండ మీద సన్నగా నీళ్ళు చిలకరించొచ్చు. కోస్తాలో వద్దు. అక్కడ బంతికి బదులు సగం చామంతి కలపండి, చామంతి తేమను కాస్త ఎక్కువ ఓర్చుకుంటుంది.

అమెరికాలోనో ఇంగ్లండులోనో ఉన్నవాళ్ళకు మామిడాకులు పండగ ముందు ఇండియన్ దుకాణాల్లో కట్టలుగా వస్తాయి. దొరక్కపోతే మాగ్నోలియా ఆకు మడతకూ రంగుకూ దగ్గరగా ఉంటుంది. చామంతి కుండీలు ఆ నెలల్లో అక్కడ కూరగాయల దుకాణం ముందు కూడా ఉంటాయి. సాంబ్రాణి వేసేటప్పుడు మాత్రం పొగ అలారం ఎక్కడుందో చూసుకోండి.

బూడిద గుమ్మడి

గుమ్మానికి కట్టే బూడిద గుమ్మడికాయను కడగొద్దు, రుద్దొద్దు. ఆ తెల్లటి బూడిదపొరే దాన్ని నెలల తరబడి కాపాడేది. తొడిమ విరగనిది, గీతలు లేనిది, మూడు కిలోలకు మించనిది ఎంచి, పసుపూ కుంకుమా మెల్లగా అద్ది, తాడు ఉట్టిలో కూర్చోబెట్టి వేలాడదీయండి. తొడిమకు తాడు కడితే ఏదో ఒకరోజు కింద పడుతుంది. మెత్తబడిన మచ్చ కనిపిస్తే ఆ రోజే తీసేయాలి, కారడం మొదలైతే ఆ వాసన వారం పోదు.

దీపావళికి మార్చాల్సినవి

దీపాలు పెట్టేముందు దసరా దండలన్నీ దించేయండి, మామిడి తోరణంతో సహా. పద్దెనిమిది రోజులు ఎండిన తోరణం, రెల్లు కంకులు, గునుగు కట్టలు నిప్పురవ్వకు అంటుకుంటాయి. రెల్లు బిందెను దీపాలకూ బాణసంచాకూ దూరంగా లోపలి గదిలోకి మార్చండి. గుమ్మానికి కొత్త తోరణం కట్టినా దాని కింద నేరుగా ప్రమిద పెట్టకుండా రెండు పక్కలకు జరపండి.

కొత్త మట్టి ప్రమిదలను ముందురోజు రాత్రంతా నీళ్ళలో నానబెట్టి నీడలో ఆరబెట్టాలి. అలా చేయకపోతే పోసిన నూనెలో కొంత ప్రమిదే తాగేస్తుంది, మిగిలింది అడుగునుంచి కారి గచ్చు మీద గుండ్రటి మరక వేస్తుంది. నానబెట్టినా కొద్దిగా కారేవి ఉంటాయి కనుక ప్రతి ప్రమిద కింద తమలపాకో మరో ప్రమిదో ఉంచండి. వత్తి రెండు పేటలుగా పేని, కొస పావు అంగుళం మాత్రమే బయటికి ఉంచితే పొగ రాదు. ఎంత నూనెకు ఎంతసేపు వెలుగుతుందో ముందురోజు ఒక్క ప్రమిద వెలిగించి చూసుకుంటే సాయంత్రం అంతా నూనె గిన్నె పట్టుకు తిరిగే పని తప్పుతుంది.

బాల్కనీకి కట్టే సీరియల్ లైట్లు బయటివాడకానికి చేసినవే కొనండి. పెట్టె మీద ఐపీ 65 అని ఉంటే వానజల్లుకు భయం లేదు. ప్లగ్గు, అతుకులు మాత్రం ఎప్పుడూ ఇంటి లోపలే ఉండాలి.

దించిన దండలను అలాగే చెత్తబుట్టలో వేయకుండా దారం లాగేసి పూలను తోటమట్టిలో కలపండి. నూలుదారమైతే మిగిలినా మట్టిలో కలుస్తుంది. ఎండిన బంతిపువ్వు విత్తనాలు చల్లితే మొలుస్తాయి, కానీ మార్కెట్ పూలు చాలావరకు హైబ్రిడ్‌వి కనుక వచ్చే ఏడాది అదే పరిమాణం, అదే రంగు రావాలని చూడకండి. బొమ్మలను ఒక్కొక్కటి ముందు పాత నూలుగుడ్డలో చుట్టి, దాని మీద కాగితం చుట్టండి. వార్తాపత్రిక నేరుగా చుడితే తెల్లరంగు మీద సిరా అంటుకుంటుంది, బుడగల ప్లాస్టిక్ చుడితే వేసవి వేడికి లక్క బొమ్మకు అతుక్కుపోతుంది. పెట్టెలో ఎండిన వేపాకు వేసి, పెట్టె మీద ఏ మెట్టు బొమ్మలో రాసి పెట్టుకోండి.